ప్లేటింగ్ తొట్లు పీకేసే ముందు, అవి ఎందుకొచ్చాయో మీ నాన్నగారిని అడగండి

మీరు అడిగింది ఇదీ: తాతగారు హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ షాపుగా మొదలుపెట్టారు, నాన్నగారి హయాంలో జింక్, హార్డ్ క్రోమ్ ప్లేటింగ్, అంటే ఇనుము మీద కరెంటుతో వేసే లోహపు పూత, వచ్చి చేరింది, ఇప్పుడు మీ చేతికొస్తోంది. మెషీనింగ్ ఒక్కటే ఉంచుకుని ప్లేటింగ్ బయట చేయించుకుంటే పొల్యూషన్ బోర్డు టెన్షన్ పోతుంది కదా, అసలు ఈ రెండూ ఒకే కప్పు కింద ఎందుకు పెట్టారు పెద్దవాళ్ళు అని.

దీనికి నేను అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేను. మా షాపు కథ చెప్తాను, మీది కూడా కాస్త అటూ ఇటూగా అదే అయ్యుంటుంది. నా వయసు 61, చదివింది డిప్లొమా, 1985 నుంచి ఇదే షెడ్డులో ఉన్నాను.

ముందు బాలానగర్ సంగతి. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ వచ్చాయి కానీ ఇవాళ మనం చూసే చిన్న షెడ్లన్నీ 1960ల తర్వాతి పిల్లలే. ఐడీపీఎల్, హెచ్ఏఎల్, హెచ్ఎంటీ, అటు రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ దాదాపు ఒకే దశాబ్దంలో లేచాయి, 1967లో ఈసీఐఎల్, 1970లో బీడీఎల్, 1973లో మిధానీ. ఈ పెద్ద ప్రభుత్వ సంస్థలకి బుష్షులు, పిన్నులు, స్టడ్లు, బ్రాకెట్లు ఎవరో ఒకరు చేసి ఇవ్వాలి కదా. ఆ సంస్థల్లో పదేళ్ళు మెషీను మీద నిలబడి, చెయ్యి కుదిరాక బయటికొచ్చి ఒక లేత్ పెట్టుకున్న టర్నర్లూ ఫిట్టర్లే బాలానగర్ అంటే. మా నాన్న తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి ఐటీఐ చేసి వచ్చి ప్రాగాలో టర్నర్‌గా చేరారు, 1974లో మానేసి ఒక సెకండ్‌హ్యాండ్ బటాలా లేత్, ఒక బెంచి డ్రిల్లుతో అద్దె రేకుల షెడ్డులో కూర్చున్నారు. అప్పట్లో కిర్లోస్కర్ లేత్ ఉన్నవాడు మా సందులో జమీందారు కింద లెక్క.

తొమ్మిదేళ్ళు టర్నింగే. ప్లేటింగ్ కావాలంటే సైకిల్ క్యారేజీ మీద గోనెసంచి కట్టి వేరే ప్లేటర్ దగ్గరికి పంపడం, రెండ్రోజులాగి తెచ్చుకోవడం. మీరిప్పుడు వెళ్ళాలనుకుంటున్నది సరిగ్గా అక్కడికే.

1981లో ఒక పెద్ద సంస్థకి ఎం8 స్టడ్లు, అంటే 8 మిల్లీమీటర్ల మర రాడ్లు, నాలుగు వేలు చేశాం. లాట్ మొత్తం వెనక్కొచ్చింది, మర సైజు సరిచూసే గో గేజ్ ఎక్కట్లేదని. నాన్న ప్లేటర్ దగ్గరికెళ్తే 'నీ చూడీలే (మరలే) బాగాలేవు' అన్నాడు. నాన్న తన రికార్డు తీసి చూపించారు, ప్లేటింగ్‌కి ముందు ప్రతి స్టడ్డుకీ గేజ్ ఎక్కింది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇదెలాగో చెప్పకపోతే మిగతా కథ మీకు అర్థం కాదు, కొంచెం ఓపిక పట్టండి.

చదునైన రేకు మీద 8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జింక్ వేస్తే ఆ వైపు 8 మైక్రాన్లే పెరుగుతుంది. గుండ్రటి పిన్ను మీద వేస్తే రెండు వైపులా కలిపి డయామీటర్ 16 పెరుగుతుంది. థ్రెడ్, అంటే మర మీద అలా కాదు, గోడలు 60 డిగ్రీల కోణంలో ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మర సైజు చెప్పే పిచ్ డయామీటర్ నాలుగింతలు, అంటే 32 మైక్రాన్లు పెరుగుతుంది. ఎం8 మామూలు పిచ్‌కి 6జి అనే ఫిట్టు క్లాసులో, అసలు సైజుకీ స్టడ్డు పై హద్దుకీ మధ్య వదిలిన ఖాళీ 28 మైక్రాన్లు. మా నాన్న మంచి టర్నర్ కదా, డై అరిగిపోకుండా చూసుకుంటూ అన్నీ పై హద్దు దగ్గరే చేశాడు. ప్లేటర్ కూడా మంచివాడే, తుప్పు పట్టకూడదని కాస్త దండిగా వేశాడు. ఇద్దరు మంచివాళ్ళ మధ్య నాలుగు వేల స్టడ్లు తుక్కయిపోయాయి. డబ్బు రాలేదు, రాడ్డు ఖరీదు మీద పడింది, ఆ సంవత్సరం మా అక్క పెళ్ళి వాయిదా పడింది.

తర్వాత నాన్న థ్రెడ్ సైజు కాస్త తగ్గించి పంపడం మొదలుపెట్టారు. అదీ కుదరలేదు, ఎందుకంటే బయటి ప్లేటర్ తొట్టిలో పది మంది సరుకు పడుతుంది, ఒకరోజు 5 మైక్రాన్లు వస్తే ఇంకోరోజు 15. ఎంత వదలాలో తెలియనప్పుడు ఎలా వదులుతారు? విసుగెత్తి 1983లో షెడ్డు వెనక రేకు దించి సొంతంగా జింక్ తొట్టి పెట్టేశారు. లాభం వస్తుందని కాదు, నింద ఎవరిదో తేల్చుకోలేక. నాకు తెలిసి ఆ కాలంలో ఇంజనీరింగూ ప్లేటింగూ ఒకే చోట ఉన్న చాలా ఇళ్ళల్లో అసలు కారణం ఇదే, పైకి మాత్రం 'అన్నీ ఒకే చోట దొరుకుతాయి' అని బోర్డు రాయించుకుంటారు.

అప్పటిది సయనైడ్ జింక్. అది క్షారం కాబట్టి మామూలు ఇనుప తొట్టి సరిపోతుంది, అదొక్కటే చవక. ఏసీ కరెంటుని డీసీ చేయడానికి ఎక్కడో కొన్న పాత సెలీనియం రెక్టిఫైయర్, రాగి బస్‌బార్లు, యాసిడ్‌తో తుప్పు వదిలించే పికిలింగ్‌కి రబ్బరు లైనింగ్ తొట్టి. పాతబస్తీ నుంచి ఒక పెద్దాయన మేస్త్రీగా వచ్చేవాడు, అందరం చాచా అనేవాళ్ళం. బాత్‌లో, అంటే తొట్టిలోని ద్రావణంలో, బుడగ లేచే తీరు చూసి, సరుకు నీళ్ళలో ముంచి తీసినప్పుడు నీళ్ళు ఎలా జారుతున్నాయో చూసి, ఏం తక్కువైందో చెప్పేసేవాడు. నాలుక మీద వేసుకుని రుచి చూసే రకం కాదు, దేవుడి దయ. నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం ప్లేటింగ్ కాదు, కాలవలు. యాసిడ్ నీళ్ళ కాలవ, సయనైడ్ నీళ్ళ కాలవ ఎక్కడా కలవకూడదు, కలిస్తే లేచే గ్యాస్ మనిషికి రెండో అవకాశం ఇవ్వదు. నన్ను ఆ రెండు కాలవల వెంబడి చివరిదాకా నడిపించి, ఏది ఎక్కడికి పోతుందో నా చేత చెప్పించి, అప్పుడు తొట్టి దగ్గరికి రానిచ్చాడు.

ఇంట్లో అమ్మది యానోడ్ల, అంటే తొట్టిలో కరిగి పూతగా మారే లోహపు ముక్కల లెక్క. తర్వాత కొన్నాళ్ళు నికెల్ కూడా చేశాం, నికెల్ యానోడ్లు అంటే బంగారంతో సమానం, రాత్రిపూట తీసి కడిగి తూచి మంచం కిందకి తోసేది. పొద్దున మళ్ళీ తూకం. మీకు నవ్వొస్తుందేమో కానీ, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు పోయాయో రాసుకుంటే ఎంత నికెల్ కరగాలో లెక్క వస్తుంది, అమ్మ ఆ లెక్కకీ తన తూకానికీ తేడా చూసి దొంగని పట్టుకుంది కూడా. ఆ లెక్క కనిపెట్టిన ఫెరడే పేరు ఆవిడ విననే లేదు. 2022 మార్చిలో లండన్‌లో నికెల్ ధర ఒక్క రోజులో టన్ను లక్ష డాలర్లు దాటి ట్రేడింగే ఆపేశారు చూడండి, ఆ రోజు నాకు అమ్మ మంచం గుర్తొచ్చింది.

నేను షాపులోకి వచ్చిన మరుసటి ఏడాది ఇంకో దెబ్బ తగిలింది, ఈసారి పూర్తిగా మా తప్పే. గట్టి స్ప్రింగ్ వాషర్లకి జింక్ వేసి ఇచ్చాం. కొలతలు బాగున్నాయి, మెరుపు బాగుంది, ఇన్‌స్పెక్షన్ పాసైంది, వాళ్ళు బిగించుకున్నారు, తెల్లారి చూస్తే విరిగి కింద పడున్నాయి. పికిలింగ్‌లోనూ ప్లేటింగ్‌లోనూ హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది, మెత్తటి ఇనుముకి ఏమీ కాదు, గట్టిపరిచిన ఉక్కు మాత్రం బరువు పడ్డాక కొన్ని గంటలాగి గాజులా పగులుతుంది. మందు సులభమే, ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు 200 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో గంటల తరబడి కాల్చాలి, జింక్ మీద వేసే రక్షణ పొర, పాసివేషన్, ఆ తర్వాతే. అది మాకు తెలియదు, చాచాకీ తెలియదు, ఆయన జీవితమంతా గిన్నెలకీ మంచం కోళ్ళకీ పూత వేసినవాడు. ఓవెన్ కొన్నాం. ఇంకో సంగతి కూడా బుర్రకెక్కింది: పని అయిపోయాక కొలిచి చూస్తే మంచి చెడు తెలిసే పని కాదిది. చేసేటప్పుడు ఏం చేశావో దాన్ని బట్టే ఉంటుంది. దీని గురించి కింద మళ్ళీ చెప్తాను, మీ నిర్ణయానికి అదే ముఖ్యం.

1989లో హార్డ్ క్రోమ్, అంటే అరుగుదల తట్టుకునే గట్టి పూత, పెట్టాం. లీటరుకి 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, అందులో నూరో వంతు సల్ఫేటు, సీసం యానోడ్లు. చెప్పుకోవడానికి ఇంతే, కానీ ఇంత మొండి బాత్ ఇంకోటి లేదు. మనం ఇచ్చే కరెంటులో 80 శాతానికి పైగా హైడ్రోజన్ బుడగలకే పోతుంది, గంటకి 25 మైక్రాన్లు పడితే గొప్ప. నాలుగైదు గంటలు నడవాల్సిన రాడ్డు మధ్యలో కరెంటు పోయిందా, అయిపోయింది, క్రోమ్ మీద క్రోమ్ ఊరికే పట్టదు. రివర్స్ ఇచ్చి పైపొర చెక్కి, కరెంటు నెమ్మదిగా పెంచుతూ మళ్ళీ ఎక్కించాలి, అయినా కొన్ని పొరలు పొరలుగా ఊడొస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012, 13 ప్రాంతంలో పరిశ్రమలకి పవర్ హాలిడేలు పెట్టినప్పుడు లేత్ వాళ్ళు పని ఆపుకుని కూర్చున్నారు, మేం జనరేటర్ డీజిల్ పోసి క్రోమ్ నడిపాం, రాడ్డు మొదలుపెడితే వదలడానికి లేదు కాబట్టి.

కానీ మమ్మల్ని బతికించిందీ ఆ క్రోమే. 1990లలో ఒక్కొక్క పెద్ద సంస్థా ఖాయిలా పడింది, కొన్ని మూతపడ్డాయి, కొన్ని సగమయ్యాయి. వాటినే నమ్ముకున్న టర్నింగ్ షాపులు మా సందులోనే చాలా తాళాలేశాయి. ఒక సంస్థ దగ్గర మా బిల్లులు మూడేళ్ళు ఇరుక్కున్నాయి, పేరెందుకులెండి, ఆ సంస్థే ఇప్పుడు లేదు. జాబ్‌వర్క్ సరుక్కి చలాన్లు రాసుకునే పుస్తకం ఒకప్పుడు నెలకొకటి అయ్యేది, 1996 వచ్చేసరికి ఏడాదికి ఒకటి. అదే సమయంలో క్రోమ్ తొట్టి ముందు మాత్రం క్యూ. అరిగిపోయిన హైడ్రాలిక్ రాడ్లు పాత క్రోమ్ తీసి, గ్రైండింగ్ చేసి, మళ్ళీ క్రోమ్ వేసి, మళ్ళీ సైజుకి గ్రైండింగ్ చేసి ఇమ్మని బోర్‌వెల్ బండ్ల వాళ్ళూ ప్రొక్లెయిన్ల వాళ్ళూ వచ్చేవారు, నగదు ఇచ్చి పట్టుకెళ్ళేవారు. జీడిమెట్ల మందుల కంపెనీల నుంచి టాబ్లెట్ పంచులు వచ్చేవి, పౌడరు అంటుకోకుండా క్రోమ్ కావాలని. వీటిలో సగం గ్రైండింగ్, సగం ప్లేటింగ్. ఒక్కటే ఉన్నవాడికి ఈ పని రాదు.

ఇక మీరు భయపడుతున్న సంగతి. పొల్యూషన్ బోర్డుని మా నాన్న జీవితాంతం తిట్టారు, నేను తిట్టను. 1980లలో మా కడుగునీళ్ళు ఏ శుద్ధీ లేకుండా నాలాలోకి వెళ్ళేవి, ఆ నాలా హుస్సేన్ సాగర్‌కి వెళ్తుంది. ఇది ఒప్పుకోకుండా షాపు చరిత్ర రాసుకుంటే అది చరిత్ర కాదు, పెళ్ళి పత్రిక. నోటీసు వచ్చాకే మేం ట్రీట్‌మెంట్ పెట్టాం. పెట్టాక తెలిసింది అదేమంత బ్రహ్మవిద్య కాదని: క్రోమ్ నీళ్ళని యాసిడ్‌తో పీహెచ్ రెండు, మూడు మధ్యకి దించి మెటాబైసల్ఫైట్ వేస్తే పసుపు రంగు పోయి ఆకుపచ్చ తిరుగుతుంది, సున్నం వేస్తే బురదగా కిందికి దిగుతుంది, ఆ బురద ఎండబెట్టి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. సయనైడ్ నీళ్ళకి వేరే తొట్టి, పీహెచ్ పది పైన ఉంచి హైపోక్లోరైట్ వేయాలి. మా వాళ్ళకి కష్టమైంది కెమిస్ట్రీ కాదు, రోజూ రిజిస్టర్ రాయడం. చివరికి 2005లో సయనైడ్ తీసేసి క్షారపు జింక్‌కి మారాం. ఆ మరుసటి ఏడాది జూలైలో యూరప్‌లో ఎలక్ట్రానిక్స్‌లో విష పదార్థాలని కట్టడి చేసే ఆర్ఓహెచ్ఎస్ నిబంధన అమల్లోకి వచ్చి, ఎలక్ట్రానిక్స్ సరుకు చేసేవాళ్ళంతా విషపు హెక్సావాలెంట్ క్రోమ్ ఉండే పసుపు పాసివేషన్ వద్దు, ప్రమాదం తక్కువున్న ట్రైవాలెంట్ క్రోమ్‌ది కావాలనడం మొదలుపెట్టారు. అప్పటికే తొట్లు మార్చే హడావుడిలో ఉన్నాం కాబట్టి అదీ కలిసిపోయింది, మా తెలివేమీ లేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది పంపకాల సంగతి. 2003లో నాన్న పోయాక బాబాయికీ మాకూ పొసగలేదు. పెద్దమనుషులు కూర్చుని, లేతులూ గ్రైండర్లూ బాబాయి వాళ్ళకి, ప్లేటింగ్ మాకు అని తేల్చి, షెడ్డు మధ్యలో ఇటుక గోడ కట్టించారు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. ఆర్నెల్లు తిరక్కుండా గోడకి అటు నుంచి రాడ్లు వచ్చేవి, చలాన్ మీద, గ్రైండింగ్ అలవెన్స్, అంటే తర్వాత అరగదీయడానికి ఉంచే మందం, ఎంత వదిలారో రాయకుండా. మేం డ్రాయింగ్ చూసి ప్లేట్ చేసేవాళ్ళం, అటు వెళ్ళాక సైజు రాలేదని గొడవ. ఒకసారి మా తమ్ముడు, అదే బాబాయి కొడుకు, గోడ మీంచి నన్ను అరిచి తిట్టాడు, నేనూ అన్నాను, 1981లో నాన్నా ఆ ప్లేటరూ అనుకున్న మాటలే ఇంచుమించు. కస్టమర్ గేటు దగ్గర నిలబడి విన్నాడు. రాడ్లు పట్టుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆరేళ్ళ తర్వాత గోడలో తలుపు పెట్టుకున్నాం. గోడ తీసెయ్యలేదు, అంత సినిమా ఏం లేదు, తలుపే. రికార్డుల్లో ఇప్పటికీ రెండు సంస్థలే. కానీ ఒకే రూట్ కార్డు రెండు వైపులా తిరుగుతుంది, ప్లేటింగ్‌కి ముందు సైజు, తర్వాత సైజు, ఎన్ని ఆంపియర్లు, ఎంతసేపు, అన్నీ దాని మీదే.

ఆ రూట్ కార్డుల కట్టలే మాకు తర్వాత అన్నం పెట్టాయి. ఏరోస్పేస్, రక్షణ పనుల్లో ప్లేటింగ్‌ని స్పెషల్ ప్రాసెస్ అంటారు, స్ప్రింగ్ వాషర్ల కథలో చెప్పానే, పూర్తయ్యాక చూసి తేల్చలేని పని అని. అందుకే వాళ్ళు సరుకుని మాత్రమే పాస్ చెయ్యరు, షాపుని పాస్ చేస్తారు: బాత్ అనాలిసిస్ రికార్డు, ఓవెన్ చార్టు, బాత్ పనితీరు చూసే హల్ సెల్ ప్లేట్లు, తుప్పు పరీక్ష చేసే సాల్ట్ స్ప్రే రిపోర్టులు, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు. ఆదిబట్ల వైపు విమాన విడిభాగాల కంపెనీలకి సరుకు చేసే వాళ్ళకి సీఎన్‌సీ షాపులు వీధికి పది దొరుకుతాయి, ఆమోదం ఉన్న ప్లేటింగ్ షాపు కోసం మాత్రం ఊళ్ళు తిరుగుతారు. మీ నాన్నగారి దగ్గర పదేళ్ళ బాత్ రికార్డులు ఉన్నాయా? ఉంటే అవి మీ వీఎంసీ మెషీన్ కంటే విలువైనవి, మెషీన్ బ్యాంకు లోనుతో వస్తుంది.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. జింక్ తీసేయండి, నా మాట విని. కిలోల లెక్కన కొట్టుకునే వ్యాపారం అది, సరుకంతా డ్రమ్ములో వేసి తిప్పే బ్యారెల్ ప్లేటింగ్ పెద్దగా చేసేవాడితో మీరు తూగలేరు, మంచి ప్లేటర్‌ని చూసుకుని మందం ఇంత అని రాతలో పెట్టుకుంటే సరిపోతుంది, థ్రెడ్‌కి ఎంత వదలాలో పైన చెప్పాను కదా. హార్డ్ క్రోమ్ విషయంలో మాత్రం ఆగండి. మీకు గ్రైండింగ్ ఉంది, క్రోమ్ ఉంది, ఆ రెండూ కలిస్తేనే రిపేర్ పని మీ గేటు దాకా వస్తుంది. మీ రాబడిలో అది ఎంతో మూడేళ్ళ పుస్తకాలు తిరగేసి చూడండి, మీరు ప్రశ్నలో ఆ అంకె రాయలేదు. బాలానగర్ స్థలం అద్దెకిస్తేనే షాపు కంటే ఎక్కువొస్తుందని ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు, అది నిజమే, నేను కాదనను. కాలుష్య పరిశ్రమలని అవుటర్ రింగ్ రోడ్డు బయటికి పంపాలన్న మాట కూడా ఏళ్ళుగా నడుస్తోంది, ఎప్పటికైనా తొట్లు అక్కడి నుంచి లేవాల్సిందే. అలా లేపితే గ్రైండింగ్‌ని కూడా వాటితోపాటే తీసుకెళ్ళండి. ఒకటి బాలానగర్‌లో, ఒకటి ముప్పై కిలోమీటర్ల అవతల పెడితే మళ్ళీ గోనెసంచి, సైకిల్ క్యారేజీ కథే, కాకపోతే ఈసారి ఆటో ట్రాలీ.

ఒకవేళ అన్నీ చూసుకుని మూసేద్దామనే అనుకుంటే, పాత సామాను కొనేవాడికి తొట్టితో సహా బాత్ అమ్మకండి, వాడు దారిలో ఎక్కడో ఒంపేస్తాడు, కాగితాల మీద అది మీ పేరునే ఉంటుంది. బోర్డు గుర్తింపు ఉన్నవాళ్ళకే క్రోమ్ ద్రావణం ఇచ్చి, అప్పగించినట్టు రాసిన మ్యానిఫెస్టు కాపీ తీసుకుని దాచుకోండి. తొట్టి కింద గచ్చు పగలగొట్టి చూడండి, పాత షెడ్లలో ముప్పై ఏళ్ళు కారింది అక్కడే ఉంటుంది, పసుపు రంగు మట్టి కనబడితే అదీ వాళ్ళతోనే పంపాలి. రూట్ కార్డులూ బాత్ రికార్డులూ మాత్రం చిత్తు కాగితాల వాడికి వేయకండి. మీకు అక్కర్లేకపోతే నాకు చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.